ముందు గోడకే రేకు

ఏదీ, ఆ కాయితం ఇలా ఇవ్వు. ఇదేనా వాడు రాసిచ్చిన ఎస్టిమేటు? ఊఁ. ముందు గోడ రేకు పీకడానికింత, పీకిన రేకు పారెయ్యడానికింత, మిగతా మూడు గోడల చెక్క తీసి కొత్తది కొట్టడానికింత... పారెయ్యడానికి ఎనిమిదొందలా? వాడి మొహం. ఆ రేకుని తూకానికి అమ్ముకుంటాడు, పైగా నీ దగ్గర కూలీ పుచ్చుకుంటాడు. పాత ఇనపసామాను కొనేవాడికి కబురు పెట్టు, వాడే వచ్చి పట్టుకెళ్తాడు, ఎదురు నీకే నాలుగు డాలర్లిస్తాడు. సరే, అది అలా ఉంచు. ఇందాక ఏమన్నావు? ముందు గోడొక్కదానికే రేకు ఎందుకుంది, మిగతా మూడింటికీ చెక్కే ఎందుకుంది అనా? మీ నాన్నని అడగలేదా? "నాకు తెలీదు, మా అత్తనడుగు" అన్నాడా. అంటాడు. వాళ్ళ నాన్న సంగతి ఎవరెత్తినా పేపరు మొహానికి అడ్డం పెట్టుకునే రకం మీ నాన్న. చెప్తాను కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా.

మీ తాత ఆబ్రీ నువ్వు పుట్టకముందే పోయాడు గనక నీకు ఫొటోలో మనిషే తెలుసు, టై కట్టుకుని, నోరు బిగించుకుని. ఆ నోరు ఎప్పుడూ అలాగే ఉండేది, ఫొటో కోసం బిగించింది కాదు. ఊళ్ళో ముసలాళ్ళెవరు కనిపించినా "మీ తాత ఎంత లెక్కగల మనిషి డార్సీ" అనే అంటారు నీతో. అననీ. నేను మాత్రం అనను. నా తోడబుట్టినవాడు, నాకంటే ఏడేళ్ళు పెద్ద, పోయి ముప్పై ఏళ్ళయింది, ఇప్పటికీ తల్చుకుంటే ఒంటికి కారం రాసినట్టుంటుంది నాకు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని పాస్టరు చెప్తాడు. పాస్టరుకేం, వాళ్ళ అన్నయ్యలు బానే ఉన్నారు.

ఇప్పుడంటే ఫోన్ చేస్తే మనుషులొచ్చి కొలుచుకుపోతున్నారు గానీ, మా రోజుల్లో గోడ మార్చడమంటే ఒక్కింటి పని కాదు, ఊరి పని. ముందు గోడకి పొడుగు చెక్కలు కొట్టి తెల్లరంగు వేసేవాళ్ళు. మిగతా మూడు గోడలకీ చవకగా దేవదారు పలకలు, ఇంతింతవి, అరచెయ్యంత వెడల్పు. వాటికి రంగూ గింగూ ఉండదు, నాలుగేళ్ళు గాలి తగిలితే అవే బూడిదరంగుకి తిరుగుతాయి. రోడ్డుకొక మొహం, సముద్రానికొక మొహం, అందరిళ్ళూ అంతే. రోడ్డువైపు గోడ ముప్పై ఏళ్ళయినా చెక్కుచెదరదు. రేవువైపు గోడ ఈశాన్యం గాలి తింటుంది, పదిహేనేళ్ళు ఆగితే గొప్ప. అందుకని ఏడాదికొక గోడ, మొదలెప్పుడూ గాలి గోడతోనే. ఇంటివాడు పలకలు కొనిపెట్టుకుంటే చాలు, ఒక శనివారం పన్నెండు పదిహేనుమంది సుత్తులు పట్టుకుని దిగేవాళ్ళు, సాయంత్రానికి గోడ అయిపోయేది. బదులు పని. ఇవాళ వాళ్ళు నీ గోడకొస్తే రేపు నువ్వు వాళ్ళ గోడకి పోవాలి, డబ్బు మాట లేదు. ఆడాళ్ళు వండి పెట్టాలి, అంతే. రెండు కుండల చిక్కుడుగింజలు, మొలాసిస్, అదే నల్ల చెరకుపాకం, పోసి చేసిన రొట్టె, ఉప్పుచేపా బంగాళాదుంపా మెదిపి వేయించిన బిళ్ళలు, ఆవపిండి ఊరగాయ, ఆఖర్న పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి పై. ఒకసారి మా అమ్మ పొరపాట్న ఆ పైలో పంచదారకి బదులు ఉప్పు పోసింది. పదిహేనుమందిలో ఒక్కడంటే ఒక్కడు నోరు మెదపలేదు, చివరి ముక్క దాకా తిని థాంక్సు చెప్పి పోయారు. సాయంత్రం అమ్మ తిని చూసుకుని తల బాదుకుంది. మా మగాళ్ళు అలాంటివాళ్ళు, గొంతు మండుతున్నా చెప్పరు. అది మర్యాద అనుకునేవాళ్ళం. ఆడాళ్ళం మాత్రం తక్కువ తిన్నామా, మేమూ అంతే.

ఆ బదుళ్ళకంతా మీ తాత లెక్కలమనిషి. చేపల ఫ్యాక్టరీలో తూకాలు రాసేవాడు కదా, చేతిలో ఒక పెన్సిలు, చెవి మీద ఒక పెన్సిలు. ఎవరు గోడ మార్చాలన్నా ముందు ఆయన్ని పిలిచేవాళ్ళు. వచ్చి, ఇలా తల ఒక పక్కకి వాల్చి, ఈ కొస నుంచి ఆ కొస దాకా అడుగులేసుకుంటూ పోయి, "ఫ్రీమన్, నీకు పలకలు ఇరవై మూడు కట్టలు" అనేవాడు పక్కింటాయనతో. ఇరవై మూడంటే ఇరవై మూడే, ఒక్క పలక మిగలదు, ఒక్క పలక తగ్గదు. కిటికీల కొలత తీసెయ్యొద్దనేవాడు. "కిటికీల దగ్గర మిగిలేది మూలల దగ్గర ఖర్చవుతుంది. తీసేశావంటే సాయంత్రం నాలుగింటికి రెండు కట్టలు తక్కువొస్తాయి, పదిహేనుమందీ నీ మొహం చూస్తూ కూర్చుంటారు" అనేవాడు. మేకులకింత, లోపలేసే తారుకాయితానికింత, పరంజా దుంగలకింత, గోడ విప్పాక అడుగు దూలం కుళ్ళి ఉంటుందేమో, దానికని మొత్తం మీద పదోవంతు పక్కన పెట్టించేవాడు. నీ కాయితంలో ఆ పదోవంతు లేదు చూశావా? రాయించు. ఆ ఇంటి దూలాలు నీ వయసుకి నాలుగింతలు. ఆఁ, ఏం చెప్తున్నాను? పరంజా. అన్నీ చెప్పేవాడు గానీ పరంజా ఎక్కేవాడు కాదు. ఎక్కలేడు. మూడో మెట్టు మీద కాలు పెడితే నిచ్చెనని వాటేసుకుని అక్కడే ఉండిపోయేవాడు. చిన్నప్పుడు చర్చి గంట దగ్గరికి ఎక్కి దిగలేక ఏడ్చి... వద్దులే, అదో కథ. అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్ళు కాదు. కింద నిలబడి పలకలందిస్తూ లెక్క పిలిచేవాడు. అదీ పనేగా, కిందివాడు లేకపోతే పైవాడేం కొడతాడు? ఊరంతా అలాగే అనుకుంది. ఆయనొక్కడు అనుకోలేదు.

మా నాన్న పోయాక ఇల్లు ఆయన చేతికొచ్చింది. సముద్రంలో పోలేదు మా నాన్న, అందరూ అదే అనుకుంటారు, కొట్లో ఉప్పు కొంటూ గుండె ఆగి పోయాడు. నేనప్పటికే పెళ్ళయి రేవుకి ఇవతలికి వచ్చేశాను, ఇదే ఇల్లు, ఇదే వంటిల్లు. చూడు ఆ కిటికీలోంచి. ఏం కనిపిస్తోంది? మీ ఇంటి వెనక గోడ. అరవై ఏళ్ళుగా నాకు కనిపించేది అదే. ముందు గోడ రోడ్డున పోయేవాళ్ళది, వెనక గోడ నాది. కాళ్ళు పడిపోయాక అమ్మ మేడెక్కలేక కింద వంటింటి పక్క గదిలో పడుకునేది. నువ్వు ఇప్పుడు బట్టలుతికే మిషను పెట్టుకున్నావే, ఆ గది. ఆ గది ఆ వెనక గోడకే ఉంది, మంచం తలవైపు సరిగ్గా ఆ గోడకే. ఇంకో గది లేదు కింద. ఆ గోడేమో మా తాత కాలంనాటిది. పలకలు సగం లేచిపోయి, సగం ఊడిపోయి, అక్కడక్కడ లోపలి చెక్క బయటికి కనిపించేది. చలికాలం పొద్దున్నే వెళ్తే గదిలోపల మేకుల మొనల మీద తెల్లగా మంచు కట్టి ఉండేది. అమ్మ దుప్పటి మీద సన్నగా మంచుపొడి. అమ్మ దాన్ని చేత్తో దులిపేసి, "ఆబ్రీ లెక్క వేస్తున్నాడులే ఎల్వా, ఈ ఏడు చేయించేస్తాడు" అనేది.

వేశాడు. ఐదేళ్ళు వేశాడు. పలకల ధర వచ్చే ఏడు తగ్గుతుందని ఒక ఏడు ఆగాడు. చెక్క తడిగా వస్తోందని ఇంకో ఏడు ఆగాడు. మామూలు మేకు కొట్టాలా, తుప్పుపట్టని మేకు కొట్టాలా అని ఆలోచిస్తూ ఒక ఏడంతా గడిపాడు. ఈలోగా ఊళ్ళో పదిళ్ళకి లెక్క కట్టిచ్చాడు, పదిళ్ళ గోడలూ లేచాయి. పక్కింటి ఫ్రీమన్ జింక్, పడవలు చేసేవాడు, ప్రతి వసంతం కంచె దగ్గర నిలబడి, "పలకలు తెప్పించవయ్యా ఆబ్రీ, శనివారం వచ్చి కొట్టేస్తాం" అనేవాడు. ఈయనేమో, "చూద్దాం ఫ్రీమన్, ప్లాను ఇంకా పూర్తి కాలేదు" అనేవాడు, అదేదో పెద్ద వంతెన కట్టబోతున్నట్టు. ఒకసారి నేను గట్టిగా నిలదీస్తే నిజం చెప్పాడు. "నేను ఎవరి గోడా ఎక్కలేదు ఎల్వా. ఎక్కనివాడు ఏ మొహం పెట్టుకుని రమ్మంటాడు? నా గోడ నేను డబ్బు పెట్టే చేయించుకుంటాను" అన్నాడు. "అమ్మ దుప్పటి మీద మంచు పడుతుంటే నీ మొహం ఎవడిక్కావాలి?" అన్నాను నేను. దాంతో మా ఆయన మీదకి పోయాడు. అదీ ఆయన అలవాటు. మా ఆయన సిరిల్ నీకు గుర్తుండే ఉంటాడు, నీ చిన్నప్పుడు జేబులోంచి పిప్పరమెంట్లు తీసిచ్చేవాడు. ఆ చేతికి ఇవ్వడమే తెలుసు, దాచడం తెలీదు. మీ తాతకి ఆయనంటే లోకువ. "నీ మొగుడి చేతిలో డాలరు జల్లెట్లో నీళ్ళే" అనేవాడు, నా వంటింట్లో కూర్చుని, నా టీ తాగుతూ, ఆయన వినేట్టు.

అరవై రెండులో రేకులవాడు దిగాడు. పేరు ప్రెస్కాట్ అన్నాడు, నిజం పేరో దొంగ పేరో. హాలిఫాక్స్ పట్నం నుంచి వచ్చానన్నాడు. నున్నటి జుట్టు, మెరిసే బూట్లు, కారు వెనక సీటు నిండా అల్యూమినియం రేకు ముక్కలు. "రంగు వెయ్యక్కర్లేదు, పలక మార్చక్కర్లేదు, మీ మనవలు కూడా ఈ గోడని ముట్టుకోనక్కర్లేదు" అనేవాడు, వెన్న రాసినట్టు. ఆ రేకుని సుత్తితో కొట్టి, చూడండి సొట్ట పడలేదనేవాడు. ఆ సుత్తి తల రబ్బరుదని తర్వాత తెలిసింది. మీ ఇల్లు సరిగ్గా రోడ్డు మలుపులో ఉంది కదా, పోయే ప్రతి బండీ ఆ ముందు గోడని చూస్తూనే మలుపు తిరగాలి. అది కనిపెట్టాడు వాడు. "మీ ఇల్లే మా నమూనా ఇల్లు మిస్టర్ వెంట్జెల్. దీన్ని చూసి ఎవరు వేయించుకున్నా ఇంటికి వంద డాలర్లు మీవి. ఒక్క మాట, ఇది మన మధ్యే ఉండాలి. నమూనా ధర అందరికీ ఇవ్వలేం కదా" అన్నాడట. మేకుకి మేకు లెక్క చూసుకునే మనిషి పడ్డాడు. ఎందుకు పడ్డాడో నాకు తెలుసు. ఒకర్ని పిలవక్కర్లేదు, ఒకరి గోడ ఎక్కక్కర్లేదు, డబ్బు పారేస్తే వాళ్ళే వచ్చి చేసి పోతారు. ఐదేళ్ళుగా ఆయన వెతుకుతున్నది అదేగా.

అయినా జాగ్రత్తపడ్డాననే అనుకున్నాడు. "ముందు ఒక గోడ చేసి చూపించండి, నచ్చితేనే మిగతా డబ్బు" అన్నాడు. బాగుంది. ఆ ఒక్కటీ వెనక గోడ చెయ్యమనొచ్చుగా? అమ్మ తల దగ్గర గోడ? "నమూనా అన్నాక రోడ్డుకి కనిపించాలి కదండీ" అన్నాడట వాడు, ఈయన సరేనన్నాడు. నా కడుపు మండేది ఇక్కడ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఊళ్ళో అందరికీ గాలి గోడే మొదలని పాఠం చెప్పిన మనిషి, తన ఇంటికి వచ్చేసరికి నిక్షేపంలాంటి ముందు గోడకి రేకు తొడిగాడు. ఇద్దరు మనుషులొచ్చి రెండు రోజుల్లో కొట్టేసి పోయారు. తెల్లగా, ఎండ పడితే కళ్ళు చిట్లించుకోవాల్సొచ్చేది. చర్చి నుంచి వచ్చే బళ్ళు మలుపులో నెమ్మదయ్యేవి. మీ తాత వాకిట్లో నిలబడి ఒక్కొక్క బండికీ తలూపేవాడు. జన్మలో మొదటిసారి ఆయన చేయించిన గోడని జనం చూస్తున్నారు మరి. ఆ సోమవారం కూడబెట్టిందంతా, ఆరొందల చిల్లర, తీసుకెళ్ళి వాడి చేతిలో పోశాడు. మూడు గోడల రేకూ ఆగస్టుకి వస్తుందని రసీదు.

ఆగస్టు పోయింది. సెప్టెంబరు పోయింది. వాడూ లేడు, వాడిచ్చిన నంబరూ లేదు. ఎవరికీ చెప్పలేదు మీ తాత. ఫ్రీమన్ అడిగితే, "ఆర్డరు ఆలస్యమైంది, వస్తున్నారు" అన్నాడు. అక్టోబరులో ఫ్రీమన్ మళ్ళీ వచ్చి, "పోనీ నా షెడ్డులో మిగిలిన పలకలున్నాయి, ఈ చలికాలానికి ఆ వెనక గోడకి కొట్టేద్దాం, నీ రేకు వచ్చాక పీకేద్దువుగాని" అన్నాడు. వద్దన్నాడు. వద్దన్నాడు తల్లీ. ఔనంటే రేకు రాదని ఒప్పుకున్నట్టు కదా. తనే తారుకాయితం తెచ్చి చెయ్యి అందినంత ఎత్తు కొట్టుకున్నాడు. పైన ఎలా కొడతాడు, నిచ్చెన ఎక్కడానికి లేదాయె. నవంబరు గాలికి అదీ పీలికలైంది. గిన్నెలు తోముకుంటూ ఇక్కణ్ణించి చూసేదాన్ని, ఆ నల్ల పీలికలు అలా కొట్టుకుంటూ ఉండేవి రోజంతా.

మంచం జరపొచ్చుగా అంటావు. అంటావనే చూస్తున్నాను. వంటింట్లోకి మారుస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, వచ్చేపోయేవాళ్ళ మధ్య పడుకోనంది. నా దగ్గరికి రమ్మంటే, "ఇల్లు వదిలి వస్తే ఆబ్రీ చిన్నబోడూ" అంది. కొడుకు చిన్నబోకూడదని తల్లి కొయ్యబారిపోవాలన్నమాట. జనవరిలో దగ్గు పట్టుకుంది. ఫిబ్రవరి మొదటి వారంలో మూడు రోజులు ఆగకుండా ఈశాన్యం గాలి కొట్టింది. పడవ దిగదు, చుట్టు తిరిగి పోదామంటే ఏడు మైళ్ళ రోడ్డూ మూసేశారు. నేనిక్కడ, అమ్మ అక్కడ, మధ్యలో అర మైలు నీళ్ళు. నాలుగో రోజు వెళ్ళేసరికి రొమ్ములో గరగర చప్పుడు. నా చెయ్యి పట్టుకుని "ముందు గోడ చూశావా, ఎంత బాగుందంటున్నారో అందరూ" అంది. తను చూడనే లేదు ఆ గోడని, మంచం దిగితేగా. ఆ గురువారం పోయింది. డెబ్భై ఒకటి. వయసైపోయిందిలే అన్నారు. వయసు కాదు, గోడ. శవపెట్టెని ముందు గుమ్మంలోంచి బయటికి తెస్తుంటే, ఒకావిడ రేకు మీద చెయ్యేసి, "ఇల్లు ఎంత బాగుంచాడమ్మా మీ అన్నయ్య" అంది. ఆవిణ్ణి అక్కడే దులిపేసేదాన్ని, మా ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

ఏప్రిల్లో, నీడపట్టున మంచు ఇంకా ఉంది, ఒక శనివారం పొద్దున్నే ఫ్రీమన్ బండి నిండా పలకలేసుకుని దిగాడు. వెనకాల పద్నాలుగుమంది, అందులో మా ఆయనొకడు. మీ తాత గుమ్మంలో నిలబడి, "నేను పిలవలేదు ఫ్రీమన్" అన్నాడు. "పిలిచావని ఎవడన్నాడు? ఈ కట్టలు సరిపోతాయో లేదో చెప్పు" అన్నాడు ఫ్రీమన్. మీ తాత చెవి మీద పెన్సిలు తీశాడు. సాయంత్రం నాలుగున్నరకి గోడ అయిపోయింది. ఒక్క రోజు. ఐదేళ్ళ ప్లాను, ఒక్క రోజు పని. లోపల అమ్మ మంచం విప్పేసి అటక మీద పడేశాం, ఇంక ఆ గోడ ఎవరికి? నాకు సుత్తి చప్పుడు విన్నప్పుడల్లా అరవాలనిపించింది. అరవలేదు, వండాను. తిట్టుకుంటూ వండాను. మధ్యాహ్నం అంతా దుంగల మీద కూర్చుని తింటుంటే, ఫ్రీమన్ కంచంలోకే చూస్తూ, "ఆ రేకులవాడు నా దగ్గరా రెండొందలు పట్టుకుపోయాడు" అన్నాడు. కాసేపటికి టైటస్ మాస్మన్, "నా దగ్గర నూటయాభై" అన్నాడు. తర్వాత ఇంకొకడు. మొత్తం ఐదుగురు తేలారు. ఒక్కొక్కడి ఇల్లూ నమూనా ఇల్లేనట. ఒక్కొక్కడితోనూ మన మధ్యే ఉండాలన్నాడట, ఒక్కొక్కడూ బుద్ధిగా ఉంచుకున్నాడు. ఫ్రీమన్ జూన్‌లోనే మోసపోయాడు. కంచెకి అటు ఆయన, ఇటు ఈయన, రోజూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఒక్కడు నోరు విప్పితే జూలైలో మీ తాత డబ్బు కట్టేవాడా? ఆ ఆరొందలతో పలకలు కొంటే అమ్మ ఆ చలికాలం దాటేది కాదా?

ఏంటీ? కట్టే ముందు తాత ఎవర్నీ వాకబు చెయ్యలేదా అనా. అంత లెక్కగల మనిషి అడక్కుండా ఎలా కట్టాడనా. ఆ రొట్టె తిను, ఎండిపోతోంది. వెన్న కావాలా? మీ ఇంట్లో ఈ రొట్టె ఎవరూ చెయ్యరనుకుంటాను, మీ అమ్మకి ఓపిక లేదు. ఊఁ. అడిగాడు. ఎందుకడగలేదు, అడిగాడు. ఊళ్ళో అడిగితే నమూనా సంగతి బయటపడుతుందని రేవు దాటొచ్చి అడిగాడు. డబ్బు కట్టే ముందు రోజు, ఆదివారం. ఒడ్డున మా ఆయన పడవ బోర్లించి ఉంది, సగం రంగు వేసి ఆగిపోయింది. దాన్ని చూసుకుంటూ వచ్చి, ఇంకా కూర్చోకుండానే, "రంగుక్కూడా డబ్బుల్లేవా మీ ఆయనకి? ఈసారి ఏ చిల్లులోంచి కారిపోయింది?" అన్నాడు. ఎందులోంచి కారిపోయిందో నాకు తెలుసు. మే నెలలో ఆ ప్రెస్కాటే ఇటువైపు వచ్చాడు. పడవ ఇంజనుకని దాచిన రెండొందల యాభై మా ఆయన వాడి చేతిలో పెట్టాడు, ఈ ముందు గోడకని. జూన్ అంతా ఆ నంబరుకి ఫోన్లు చేసింది నేను. అలాంటి నంబరే లేదని టెలిఫోన్ ఆఫీసు ఆవిడ చెప్పింది నాకే. మా ఆయన తల పట్టుకుని, "మీ అన్నయ్యకి మాత్రం తెలియనివ్వకు" అన్నాడు. సరే, మీ తాత టీ తాగాడు. కప్పు కింద పెట్టి, మెత్తగా, "ఎల్వా, ప్రెస్కాటని రేకులవాడు మీవైపు ఎవరింటికైనా వచ్చాడా? మనిషి ఎలాంటివాడంటున్నారు?" అని అడిగాడు. ఆ పడవ మాట అనకుండా అడిగుంటే చెప్పేదాన్నేమో. ఏమో, చెప్పేదాన్నో లేదో. "ఇటు ఎవరూ రాలేదు" అన్నాను.

అదీ సంగతి. ఏప్రిల్లో ఆ దుంగల మీద ఐదుగురూ బయటపడ్డాక, మా ఆయనకీ ధైర్యమొచ్చింది. నవ్వుతూ, "నేను మీ అందరికంటే ముందే, మే నెలలోనే సమర్పించుకున్నాను, పాపం ఎల్వా జూన్ అంతా వాడికి ఫోన్లు చేస్తూనే ఉంది" అన్నాడు. నేను చిక్కుడుగింజల కుండ పట్టుకుని సరిగ్గా మీ తాత ముందే ఉన్నాను. తలెత్తి నన్ను చూశాడు. ఎంతోసేపు కాదు. కంచం చాపి, "ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. వేశాను. తిని లేచి పలకలందించడానికి పోయాడు. తర్వాత ఇరవై ఆరేళ్ళు బతికాడు డార్సీ. ప్రతి ఆదివారం వచ్చి ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. మీ నాయనమ్మని పెళ్ళి చేసుకుని ఇక్కడికే తీసుకొచ్చాడు, మీ నాన్న పుడితే ఎత్తుకొచ్చి నా ఒళ్ళోనే పెట్టాడు. మా ఆయన్ని మళ్ళీ ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. ఆ ఆదివారం గురించి నన్ను అడగలేదు. ఒక్కసారి, "ఎందుకే అలా చెప్పావు" అంటే ఏం పోయేది ఆయనకి? నేనూ ఊరుకునేదాన్ని కాదు, వెనక గోడ ఎందుకు చేయించలేదని అడిగేదాన్ని, ఇద్దరం ఊరంతా వినేట్టు అరుచుకునేవాళ్ళం, ఎవరి వంతు ఎంతో తేలేది. ఆసుపత్రిలో చివరి రోజు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని. గాలి ఎటునుంచి వీస్తోందని అడిగాడు. ఆ మాట తర్వాత ఇంక మాట్లాడలేదు. చూశావా, ఎంత మొండివాడో. తిట్టి ఉంటే ముప్పై ఏళ్ళ కిందటే మర్చిపోయేదాన్ని. మొత్తం నా నెత్తిన పెట్టి హాయిగా పోయాడు.

అలా చూడకు నన్ను. బుధవారం నా మోకాలి డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్తావా, ఇంకెవర్నైనా అడగనా?